పెరటి మన్ను – దాని కొనుగోలు, దాని కప్పు

ఇల్లు కట్టుకొనిన పిదప మిగిలిన జాగాలో ఒక మల్లెపొద, ఒక కరివేపచెట్టు, నాలుగు వంగమొక్కలు వేసికొనవలెనని కోరని గృహస్థుడు మనలో అరుదు. హోసూరు, బాగలూరు, సూళగిరి ప్రాంతములలో పొలములు లేఔటులైనవి, లేఔటులు వీధులైనవి. మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులలో అనేకులు స్వంత యిండ్లు కట్టుకొనిరి. గృహప్రవేశమైన యేడాదికే వారిలో పలువురు మమ్మడుగు ప్రశ్న యొక్కటే: "నీరు పోయుచున్నాము, ఎరువు వేయుచున్నాము, మొక్క మాత్రము బ్రదుకదేమి?" ఈ ప్రశ్నకు సమాధానము చాలవరకు కాలి క్రింది మన్నులో నున్నది. అందుచేత మంచి మన్ను తెప్పించుకొనుట గూర్చియు, తెచ్చిన దానిని ఎండకును వానకును విడువక కప్పియుంచుట గూర్చియు మాకు తెలిసిన సంగతులను ఈ సంచికలో తల్లిదండ్రుల ముందుంచుచున్నాము.

బావి త్రవ్వుచుండగా గట్టున నిలిచి చూచినవారికి నేల పొరలు తెలిసినవే. పైన జానెడు మందమున కొంచెము నల్లబారిన పొర యుండును. దానిక్రింద గట్టి యెర్రపొర, ఇంకను క్రిందికి పోయినకొలది పసుపును తెలుపును కలసిన మొరము, ఆ తరువాత రాయి. ఆ జానెడు పొరయే పైమన్ను. రాలిన ఆకులు, చచ్చిన వేళ్ళు, పశువుల పేడ తరతరములుగా అందులో క్రుళ్ళి కలసినవి. మంచి పైమన్ను చెంచాడు తీసికొన్నచో అందు కోట్ల కొలది సూక్ష్మజీవులుండును. క్రొత్తగా తడిసిన మన్నునుండి వచ్చు కమ్మని వాసన వానిలో నొక జాతి సృష్టియే. చార్లెస్ డార్విన్ పండితుడు తన కడపటి గ్రంథమును, 1881లో, వానపాములపైననే వ్రాసెను. ఇంగ్లండులోని పెక్కుచోట్ల వానపాములు ఎకరమునకు ఏటేట పది టన్నులకు మించిన మన్నును లోపలినుండి పైకి తెచ్చునని ఆయన లెక్కగట్టెను. మన ప్రాంతపు ఎర్రనేలలు అంత సంపన్నములు కావు. వానిలో సేంద్రియ కర్బనము నూటికి ఒక పాలు కూడ లేకుండుట సాధారణము. ఉన్న ఆ కొంచెమును పైపొరలోనే యున్నది. అంగుళము పైమన్ను ఏర్పడుటకు శతాబ్దములు పట్టును. దానిని గీకి లారీ కెత్తుటకు ఒక పూట చాలును.

ఇల్లు కట్టునపుడు జరుగునది సరిగా నిదియే. యంత్రము వచ్చి సైటును చదును చేయుచు మొట్టమొదట ఆ నల్లపొరను గీకి ఒకమూలకు త్రోయును. ఆ కుప్పను ఎవరో ఊరకే తోలుకొని పోవుదురు, కాదేని అది గోతులలో పడి కప్పబడిపోవును. పునాది గోతులలోని లోమన్ను పైకి వచ్చి పరచుకొనును. దానిపై కంకర, సిమెంటు నీళ్ళు, సున్నము, టైల్సు ముక్కలు చేరును. లారీలు, మిక్సరులు త్రొక్కి దానిని దిమ్మిస వేసినట్లు బిగించును. ఇల్లు పూర్తియైన పిమ్మట మనము మల్లె నాటునది ఈ మిగిలిన దానిలో.

ఇందలి నష్టమెంతయో లెక్క చూడుడు. ముప్పది నలుబది సైటు 1,200 చదరపుటడుగులు. పై ఆరంగుళములు తీసినచో 600 ఘనపుటడుగుల మన్ను వచ్చును. మన్ను, ఇసుక బేరములో 100 ఘనపుటడుగులను ఒక యూనిట్ అందురు. (మహారాష్ట్రమున నున్న మనవారు ఇంతకే బ్రాసు అని పేరు పెట్టిరి.) కాబట్టి మన సైటులోనే ఆరు యూనిట్ల పైమన్ను ఉండినది. దానిని ఉచితముగా పంపివేసి, రెండేండ్ల తరువాత అంతకంటె తక్కువ రకపు మన్నును రొక్కమిచ్చి కొనుచున్నాము. ఇంకను ఇల్లు మొదలుపెట్టని తల్లిదండ్రులకు మేము చెప్పు మొదటి మాట ఇది: పునాదికి ముగ్గు పోయుటకు ముందే మేస్త్రితో మాట్లాడి, పై ఆరంగుళములు వేరుగా గీయించి, సైటులో నొక మూల కుప్ప వేయించుడు. కుప్ప నడుమెత్తునకు మించరాదు. ఎత్తు పెరిగినచో అడుగున గాలియాడక మన్నులోని జీవము చచ్చును. కట్టుబడి నెలల తరబడి సాగునట్లయిన ఆ కుప్పపై అలసందలో జనుమో చల్లిన యెడల మన్ను వానకు కొట్టుకొనిపోక నిలుచును, సత్తువయు పెరుగును. ఖర్చు ఒక పూట కూలి.

కొనక తప్పనివారి సంగతి ఇక చూతము.

మొట్టమొదటి చిక్కు పేర్లతోనే వచ్చును. హోసూరు మూడు భాషల కూడలి. మనము ఎర్రమన్ను అనునది తమిళమున సెమ్మణ్, కన్నడమున కెమ్మణ్ణు. ఇంతవరకు ఇబ్బంది లేదు. ఒండ్రుమన్నును తమిళ వర్తకుడు వండల్ మణ్ అనును, అదియు తేలికగానే తెలియును. కాని సవుడు అను మాట దగ్గర మోసము కాకున్నను పొరపాటు జరుగును. తెలుగు రైతు చవుడు అన్నచో క్షారము పేరుకొని తెల్లని పూత పట్టిన, పైరెక్కని నేల. తమిళనాట బేరములో సవుడు మణ్ అన్నచో గోతులు పూడ్చుటకును, మిట్ట చేయుటకును పోయు మన్ను. పల్లము పూడ్చుకొనుటకు అది మంచిదే. మొక్కలకు మాత్రము వలదు. "తోటకు మన్ను కావలె" నని మాత్రమే చెప్పి ఊరకున్న వారి గుమ్మము ముందర తరచుగా దిగునది ఈ సవుడే. తాతలకు రేగడి, గరప, దుబ్బ, ఒండ్రు, మొరము అని నేలకు ఇన్ని పేర్లు తెలిసియుండగా నేడు మనకన్నియు మట్టియే యగుట వర్తకునికి లాభసాటిగా నున్నది.

రెండవ చిక్కు రంగు. ఎర్రగా నిగనిగలాడు మన్నును చూచి మురిసిపోవువారు కలరు. ఆ ఎరుపు ఇనుప తుప్పు రంగు; సారమునకు గుర్తు కాదు. ఇరువది అడుగుల లోతునుండి తీసిన మన్ను కూడ అంతే ఎర్రగా, అంతకంటె శుభ్రముగా నుండును. గడ్డి వేరొకటి కూడ లేదని సంతోషింపరాదు. వేరు లేనిచో జీవము లేదనియే యెంచవలెను. పైమన్ను కొంచెము మాసినట్లుండును. అందు సన్నని వేళ్ళు, పాత ఆకుల తునకలు, ఒకటి రెండు వానపాములు కనబడును. తడిపి పిడికెడు ముక్కు దగ్గర పట్టినచో తొలకరి వాసన వచ్చును.

మన్ను ఎచటినుండి వచ్చుచున్నదని అడుగుటకు మొగమాటపడకుడు. లారీ మన్నుకు మూలములు సాధారణముగా నాలుగు: పునాది గోతులు, క్రొత్త లేఔటులు, చెరువులు, పొలములు. పునాది మన్ను సంగతి చెప్పితిమి. లేఔటు చదును చేయునపుడు మొదటి రెండు మూడు దినములలో వచ్చునది నిజమైన పైమన్ను. ఎట్లును రోడ్డుక్రింద పూడిపోవలసినది గనుక దానిని కొనుట మేలు. చెరువు పూడిక మన్ను పైరుకు బలమని మన పెద్దలెరుగుదురు. తెలంగాణములో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకమున చెరువుల నుండి తీసిన పూడికను రైతులు పొలములకు తోలుకొనిరి. అయితే పట్టణపు మురుగును కార్ఖానాల నీరును చేరు చెరువు పూడిక కూరగాయల మడికి తగదు. అందలి లోహములు కంటికి కనబడవు, కడిగినను పోవు. పల్లె చెరువైనచో అనుమతి సంగతి అడుగవలెను. చెరువు మన్ను ప్రభుత్వపు సొత్తు. రవాణా చీటీ లేక వచ్చిన లారీ దారిలో పట్టుబడినచో మన అడ్వాన్సు కూడ దానితో పోవును.

నాలుగవది పొలము. అప్పుల బాధలోనున్న రైతు రెండడుగుల పైమన్ను అమ్ముకొని ఆ యేడు గట్టెక్కును. ఆ తరువాత ఆ పొలములో రాగి గింజ పట్టదు. ఆ రైతు బిడ్డలు మన పాఠశాలలోనే చదువుచుండవచ్చును. మన మల్లెపొదకొరకు ఒక పొలము పండకుండ పోవుట మాకు సమ్మతము కాదు. "పొలము మన్ను సారూ, మేలిరకము" అని వర్తకుడు చెప్పినచో మేము కొనము. తల్లిదండ్రులను కూడ కొనవలదనియే కోరుచున్నాము.

ఎంత కావలెనో ముందుగా కొలుచుకొన్నవారు సగము డబ్బు మిగుల్చుకొందురు. పండ్రెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల మడికి తొమ్మిదంగుళముల మందమున మన్ను కావలెననుకొందము. 12ను 4తో, ఆ వచ్చినదానిని ముప్పాతిక అడుగుతో హెచ్చవేసిన 36 ఘనపుటడుగులు. తోలిన మన్ను వదులుగా నుండి, రెండు వానలకు అయిదవ వంతు దిగిపోవును. కనుక 45 ఘనపుటడుగులు తెప్పించవలెను. ఇది అర యూనిట్‌కు లోపే. ఘనపుటడుగు మన్ను కొంచెము చెమ్మతో సుమారు 40 కిలోలు తూగును, అనగా 1,800 కిలోలు. వీధి వాకిటనుండి పెరటికి తట్టలతో మోయించునపుడు ఈ బరువు గుర్తుంచుకొని కూలి మాటాడుకొనుడు. లోడు వచ్చినపుడు దింపించుటకు ముందే టేపుతో తొట్టిని కొలువుడు. లోపలి పొడవు 10 అడుగులు, వెడల్పు 6, మన్ను ఎత్తు ఒకటిన్నర ఉన్నచో అది 90 ఘనపుటడుగులే, యూనిట్ కాదు. గోపురమువలె పోసిన మన్ను చూపునకు ఎక్కువ, కొలతకు తక్కువ. నర్సరీలలో సంచులలో అమ్మునది లీటర్ల లెక్క. ఘనపుటడుగునకు 28 లీటర్లకు కొంచెము పైన.

లోడుకు ముందు బకెట్టెడు నమూనా తెప్పించుకొనుడు. ఇయ్యననువాని వద్ద కొనకుడు. ఆ బకెట్టుతో ఇంటిలోనే చేయదగిన పరీక్షలు కలవు. వీనిని పిల్లలచేత చేయించిన వారికి విజ్ఞానశాస్త్ర పాఠమును అగును. పిడికెడు మన్ను తడిపి ముద్ద చేయుడు. ముద్ద కాక రాలిపోయినచో ఇసుక ఎక్కువ. ముద్దయై, వ్రేలితో నొక్కగానే విరిగినచో గరప మన్ను, తోటకు శ్రేష్ఠము. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నొక్కిన కొలది రిబ్బనువలె రెండంగుళములు సాగినచో జిగట ఎక్కువ. రెండవ పరీక్షకు పొడవైన గాజుసీసా కావలెను. మూడవ వంతు మన్ను, మిగత నీరు పోసి బాగుగా కుదిపి, కదల్చక ఉంచుడు. ఇసుక ఒక నిమిషములోనే అడుగున దిగును. ఒండ్రు కొన్ని గంటలకు, జిగట మరునాటికిగాని దిగవు. మూడు పొరలను స్కేలుతో కొలిచినచో ఏది ఎన్ని పాళ్ళున్నదో తెలియును. నీటిపై తేలు నల్లని తునకలే జీవపదార్థము; ఏమియు తేలకున్నచో అది లోమన్ను.

అన్నిటికంటె మాకు నమ్మకమైనది మొలక పరీక్ష. నమూనా మన్నును ఒక కుండీలోను, ఇంతకుముందు మొక్కలు బాగుగా పెరిగిన మన్నును మరియొక కుండీలోను పోసి, రెంటను పది పది అలసంద గింజలు నాటుడు. పది దినములలో రెండు కుండీలును సమముగా మొలచినచో భయము లేదు. మొలకలు రాకున్నను, వచ్చిన ఆకులు మెలికలు తిరిగి కప్పువలె ముడుచుకొన్నను, ఆ మన్నులో కలుపుమందు మిగిలియున్నదని అనుమానింపవలెను. ఆ పది దినములలోనే మన్నుతోపాటు వచ్చిన కలుపు కూడ తల యెత్తును. తుంగ మొలచినచో ఆ మన్ను ఊరక యిచ్చినను వలదు. తుంగగడ్డలు ఒకసారి పెరటిలో చేరినచో ఏండ్లకొలది పోవు. వయ్యారిభామ మొలచినను ఆలోచింపవలసినదే. దానిని పూతకు ముందే చేతికి తొడుగు వేసికొని పీకవలెను. పుప్పొడి కొందరు పిల్లలకు దగ్గును, దద్దురులను తెచ్చును.

ఎక్కువ మన్ను కొనువారు అరకిలో నమూనాను వ్యవసాయశాఖవారి మట్టి పరీక్షాశాలకు పంపుట మంచిది. పి.హెచ్. అను సూచిక 6కును 7.5కును నడుమ నున్నచో చాలవరకు మొక్కలన్నియు పెరుగును. 8 దాటినచో ఆకులు పసుపెక్కును, మల్లెకు, గులాబికి ఇనుము అందదు. సిమెంటు, సున్నము కలసిన మన్నులో జరుగునది ఇదే. పైన నిమ్మరసము పిండగా బుస్సున నురుగు వచ్చినచో పరీక్షాశాలకు పంపకయే సున్నమున్నట్లు తెలిసికొనవచ్చును.

పిల్లలున్న ఇంటివారు మరి రెండు సంగతులు గమనింపవలెను. పాత యిండ్లు పడగొట్టిన శిథిలములు కలసిన మన్ను కూరగాయల మడికిగాని, పిల్లలాడుకొను చోటికిగాని కూడదు. ఇంటి రంగులలో సీసము పది లక్షలకు 90 పాళ్ళకు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరు నుండియే అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు తలుపుల, కిటికీల రంగు పెచ్చులలో సీసము విశేషముగా నుండవచ్చును. అది చిన్నపిల్లల మెదడునకు హానికరము, వారు మన్ను చేతులు నోట పెట్టుకొందురు గనుక. ఇక ధనుర్వాతపు బీజములు మన్నులో సహజముగా నుండునవే. గాజుపెంకు, మేకు గ్రుచ్చుకొన్న గాయముద్వారా అవి లోనికి పోవును. పదవ యేటను పదునారవ యేటను పాఠశాల పిల్లలకు వేయు టి.డి. సూదిమందును తప్పించుకొనక వేయించిన తల్లిదండ్రులకు ఈ భయము తక్కువ. మన్ను పని చేయునపుడు చెప్పులు తొడిగించుట మరువకుడు. కొంకిపురుగులు ఉత్త పాదములనుండియే ఎక్కును.

మన్ను వచ్చినది. దానిని బిగిసిన నేలపై నేరుగా కుమ్మరించుట తొందరపాటు. అట్లు చేసినచో రెండు పొరలు రెండుగానే నిలిచి, వాననీరు నడుమ నాగి, వేళ్ళు అక్కడనే క్రుళ్ళును. ముందుగా రాళ్ళు, సిమెంటు పెళ్ళలు ఏరి, పాతనేలను ఆరంగుళముల లోతున గడ్డపారతో పెల్లగించి, క్రొత్త మన్నులో మూడవ వంతు అందులో కలియబెట్టి, మిగిలినది పైన పరచవలెను. బాగుగా మ్రగ్గిన పెంట మన్నుకు నాలుగవ వంతు కలుపవచ్చును. పచ్చిపేడ కలిపినచో వేరుపురుగు పట్టును. తడిమన్నును త్రొక్కరాదు, త్రవ్వరాదు. ముద్దలు కట్టి ఇటుకలగును. మన్ను మట్టము ఇంటి పునాది గోడకు ఒక జానెడు క్రిందుగనే యుండవలెను. ఎత్తైనచో గోడకు చెమ్మ, తలుపుచట్రములకు చెదలు. పాత మామిడిచెట్టు చుట్టును మన్ను పోసి ఎత్తు చేయుట చూచుచున్నాము. అది చెట్టుకు ఊపిరి తీయుటయే. కాండము మొదలు విప్పారి వేరగు చోటు ఎప్పుడును కనబడుచుండవలెను.

మిద్దెపై తోట పెట్టువారికి ఒక హెచ్చరిక. ఆరంగుళముల తడిమన్ను చదరపు మీటరునకు 250 కిలోలకు పైగా తూగును. భారత ప్రమాణము ఐ.ఎస్. 875 ప్రకారము మనుష్యులు తిరుగు సాధారణపు మిద్దెకు లెక్కించు భారము చదరపు మీటరునకు సుమారు 150 కిలోలు మాత్రమే. ఇంజనీరును అడుగక మిద్దెపై మన్ను పరచరాదు. కుండీలైనచో దూలములపై, గోడలపై వచ్చునట్లు అంచులవెంట పెట్టి, మన్ను, ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్ళలో కలిపి నింపినచో బరువు చాల తగ్గును.

ఇక కప్పు మాట. మంచి మన్ను కొని దానిని బట్టబయలు విడుచుట, పాలు కాచి మూత పెట్టక వీధిలో నుంచుట వంటిది. ఏప్రిలు ఎండకు పై అంగుళము కాలి జీవములు చచ్చును. మే నెలలో ఉరుములతో వచ్చు వాన చినుకుచినుకున మన్నును చితుకగొట్టి, పైన ఒక పెచ్చు కట్టించి, మిగిలినదానిని కాలువ పాలు చేయును. అడవిలో నేల ఎన్నడును బోడిగా నుండదు. ఆకు రాలి దానిని కప్పును. ఆ పనినే మనము తోటలో చేయుట ఆచ్ఛాదనము. నర్సరీవారు మల్చింగు అందురు. దీని గుణము నమ్మనివారు పిల్లలచేత ఒక వారము పరీక్ష చేయింపవచ్చును. సమానమైన రెండు కుండీలలో ఒకే మన్ను పోసి, ఒకే కొలత నీరు పోసి, ఒకదానిపై మూడంగుళముల ఎండుటాకు కప్పి, రెంటిని ఎండలో నుంచి ప్రతిదినము తూచి వ్రాసికొనవలెను. అయిదవనాటి అంకెలు చూచిన తరువాత మేము చెప్పవలసిన దుండదు.

కప్పుకు డబ్బు పెట్టవలసిన పని మన ప్రాంతమున దాదాపు లేదు. ఎండుటాకే మేలు. నిద్రగన్నేరు, కానుగ ఆకులు త్వరగా క్రుళ్ళి మన్నుకు బలమిచ్చును. మామిడి, పనస ఆకులు మందమైనవి. చిదిమి వేసినచో గాలికి లేవవు, నీటిని అడ్డగింపవు. గ్లిరిసిడియా కంచె ఉన్నవారు పచ్చి రొట్టను నరికి పరచుటకంటె మంచి కప్పు లేదు. వేరుసెనగ పొట్టు బాగున్నది, అయితే ఎలుకలు గింజలకై వచ్చును. వరి ఊక గాలికెగురును, వానకు తేలును. రాగిగడ్డి పశువుల నోటిది. దానిని మొక్కలక్రింద పరచుటకు మా మనసొప్పదు.

రంపపు పొట్టు విషయమున కొంచెము వివరింపవలెను. మన్నులోని సూక్ష్మజీవులు కర్బనమును తినుటకు తోడుగా నత్రజనిని కోరును. రంపపు పొట్టులో ఒక పాలు నత్రజనికి మూడునాలుగు వందల పాళ్ళ కర్బనమున్నది. గడ్డిలో ఎనుబది వరకు. పప్పుజాతి ఆకులలో ఇరువది ప్రాంతము. పచ్చి పొట్టును మన్నులో కలిపినచో జీవములు కావలసిన నత్రజనిని మొక్క నోటినుండి లాగికొనును, ఆకులు వెలవెలబోవును. పైన పరచినంతమాత్రమున ఇంత కీడు లేదు, కలియబెట్టినప్పుడే చిక్కు. ప్లైవుడ్డుది, రంగువేసిన చెక్కది అసలే వలదు. కొబ్బరిపొట్టుకును ఇదే న్యాయము. అచ్చులుగా అమ్ము పొట్టును నీట నానబెట్టి, ఉప్పు పోవువరకు రెండుమూడు మార్లు పిండి వాడవలెను. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు టన్ను పచ్చిపొట్టుకు 5 కిలోల యూరియాను, ప్లూరోటస్ అను పుట్టగొడుగు విత్తనమును పొరలుపొరలుగా చల్లి మ్రగ్గబెట్టు పద్ధతిని నేర్పిరి. దానివలన 112 పాళ్ళున్న కర్బనము సుమారు 24 పాళ్ళకు దిగును. కొనునపుడు మ్రగ్గబెట్టినదో పచ్చిదో అడుగవలసినది ఇందుకే.

ఇంత విలువగల ఎండుటాకును వీధిచివర కుప్పవేసి తగులబెట్టు వాడుక మన వీధులలో ఇంకను పోలేదు. ఆ పొగ మొదట పోవునది పిల్లల ఊపిరితిత్తులలోనికి. జాతీయ హరిత న్యాయస్థానము 2016 డిసెంబరులో బయట చెత్త కాల్చువారికి 5,000 రూపాయల జుల్మానా విధింపవలెనని తీర్పు చెప్పినది. పొరుగువారు ఊడ్చి పెట్టిన ఆకును గోనెలతో అడిగి తెచ్చుకొన్నచో ఎవరును కాదనరు, వింతగా చూతురంతే.

పరచు విధము సులభము. కలుపు తీసి, మడిని బాగుగా తడిపి, అప్పుడు మూడంగుళముల మందమున కప్పవలెను. ఎండిన నేలపై కప్పినచో ఎండుదనమును కాపాడినట్లగును. పైన చెప్పిన పండ్రెండు నాలుగు మడికి 12 ఘనపుటడుగులు, అనగా నూరు లీటర్ల గోనెలు మూడున్నర. ఆకు అణగిపోవును గనుక అయిదారు తెచ్చుకొనుడు. మొక్క మొదలునుండి బెత్తెడు, చెట్టునుండి జానెడు దూరము విడువవలెను. కాండమునకు ఆనించి గుట్టగా పోసినచో బెరడు క్రుళ్ళును, చీమలు, చెదలు చేరును. గోడకు అడుగు దూరమున కప్పు ఆపినచో చెదలభయము తగ్గును. కప్పుక్రింద తేలు, జెర్రి ఉండవచ్చును గనుక పిల్లలు చేతితో ఎత్తక కర్రతో కదల్పవలెనని నేర్పుడు. వానకాలమున నత్తలు పెరిగినచో రెండంగుళములకు పలుచన చేసి, తెల్లవారుజామున ఏరి పారవేయవలెను.

జూనులో తొలివానలకు నేల నిండుగా తడిసిన పిమ్మట ఒకమారు, డిసెంబరులో ఈశాన్యపు వానలు వెనుదీయునపుడు మరియొకమారు కప్పు వేయుట హోసూరు వాతావరణమునకు తగియున్నది. జూనులో వేసినది డిసెంబరునాటికి నల్లబడి మన్నులో కలసిపోయి, అంగుళము మాత్రమే మిగులును. దానిని తీయక, దానిపైననే క్రొత్త ఆకు పరచవలెను. మూడు నాలుగేండ్లు ఇట్లు విడువక చేసిన మడిలో వ్రేలు గ్రుచ్చిన మొదటి కణుపువరకు నల్లగా దిగును. ఆ మడికి మరల లారీ మన్ను అక్కరలేదు.